నెల్లూరులో అద్దె ఇల్లు: ఆగస్టులో నచ్చింది ఒకటి, నవంబరులో తీసుకుంది ఒకటి

ఆమదాలవలసలో సాయంత్రం రైలెక్కి మర్నాడు పొద్దున నెల్లూరులో దిగాం, నేనూ మా అత్తయ్యా. మా ఆయన అప్పటికే నెల ముందు వచ్చి, కృష్ణపట్నం పోర్టు పక్కన ఒక కంపెనీలో చేరి, తోటివాళ్ల గదిలో సర్దుకుంటున్నారు. తెలుగు ఊరే అయినా మాకిది పరాయి చోటే. మేం "ఏటి" అంటే ఇక్కడ "ఏంది". స్టేషన్ బయట ఆటో అబ్బాయి "యాడికి పోవాలమ్మా" అనగానే అత్తయ్య నా మొహం చూశారు.

దర్గామిట్టలో, ఆర్టీసీ బస్టాండుకు నడిచేంత దూరంలో లాడ్జి తీసుకున్నాం. రోజుకు 1,300. గది శుభ్రంగానే ఉంది గానీ రాత్రంతా హారన్లు. వేడినీళ్లు ఆరు నుంచి ఎనిమిది దాకానే ఇస్తారు. పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ సంగతి ముందే అడిగి దిగండి. ఇల్లు వెతుక్కునేవాళ్లకు మాత్రం మకాం పెట్టడానికి ఆ చోటు అనువైనదే. రొట్టెల పండుగ రోజుల్లో వద్దు, ఇసుక వేస్తే రాలనంత జనం. మొహర్రం నెలలో బారా షహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు అందుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె. సొంతింటి రొట్టె కూడా ఉందని విని, వచ్చే ఏడు మనమూ పట్టాలి అన్నారు అత్తయ్య.

ఆ రెండు రోజుల్లో మాకు బాగా నచ్చింది మాగుంట లేఅవుట్. వెడల్పాటి రోడ్లు, కొత్త అపార్టుమెంట్లు, కింద కారు పెట్టుకునే చోటు, నడిచేంత దూరంలో అన్ని దుకాణాలూ. డబుల్ బెడ్‌రూముకు 15,000 చెప్పారు. అక్కడికి వెళ్లాలంటే రైలుపట్టాల కిందుగా అండర్ బ్రిడ్జి దాటాలి. ఆగస్టు నెల, అంటే మా లెక్కలో నడి వానాకాలం. బ్రిడ్జి కింద చుక్క నీరు లేదు. ఇక భయమేముంది అనుకుని 5,000 టోకెన్ ఇచ్చేశాను.

నా తప్పు అక్కడే జరిగింది. మా శ్రీకాకుళానికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. నెల్లూరుకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆగస్టులో ఈ ఊరిని చూసి వానాకాలం చూశాననుకోవడం పొరపాటు. ఉత్తరాంధ్ర నుంచీ తెలంగాణ నుంచీ ఇక్కడికి వచ్చేవాళ్లకు ముందుగా చెప్పాల్సిన మాట ఇదే. ఇల్లు చూడాలంటే నవంబరులో రండి.

టోకెన్ ఇచ్చి మేం ఊరికి వచ్చేశాం. నవంబరులో ఒకరోజు మా ఆయన ఫోను. అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిచాయి, అవతలివైపు ఉండే సహోద్యోగి చుట్టు తిరిగి వచ్చేసరికి కంపెనీ బస్సు వెళ్లిపోయింది. పోర్టుకు వెళ్లే ముత్తుకూరు రోడ్డు పట్టాలకు తూర్పున, మేం చూసుకున్న ఇల్లు పడమరన. ఊరిని నిలువునా రెండుగా చీల్చే ఆ రైలుదారిని రోజూ రెండుసార్లు దాటాలి. అంతవరకు నేను అద్దె చూశాను, గదులు చూశాను, పట్టాలకు ఏ పక్కనో చూడలేదు. ఓనరుకు విషయం చెప్పి వద్దన్నాను. టోకెన్ తిరిగి రాలేదు.

రెండోసారి నాలుగు రోజులు తిరిగాం. వానలోనే, అదే ఆటో అబ్బాయితో. వేదాయపాళెం ప్రశాంతంగా ఉంది, అక్కడ చిన్న రైల్వే స్టేషనూ ఉంది. చెన్నైకి తరచు వెళ్లేవాళ్లకు బాగుంటుంది. అత్తయ్యకు గుండె మందులు, నెలనెలా డాక్టరు. మాకది దూరమైంది. పొగతోట నిండా ఆసుపత్రులూ మందుల దుకాణాలే. దానికి దగ్గరగా ఉండాలి గానీ అందులో ఉండలేం. పెన్నా అవతల కోవూరులో అద్దెలు తక్కువని ఎవరో చెప్పారు. ఆటో అబ్బాయి ఒప్పుకోలేదు. "2021 నవంబరులో పెన్నమ్మ పొంగినప్పుడు పడుగుపాడు కాడ రైలుపట్టాలే కొట్టుకపోయినాయమ్మా. హైవే మీద బండ్లు ఆగిపోయినాయి. ఆయన డ్యూటీకి యాడ పోతాడు?" బ్రోకరు నోట ఇలాంటి మాట ఒక్కటీ రాలేదు.

ఈసారి ప్రతి ఇంట్లోనూ కొళాయి నీళ్లు గ్లాసుతో పట్టి రుచి చూశాను, సబ్బు నురుగొస్తుందో లేదో చూశాను. రెండు చోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయి. సాయంత్రం ఆరింటికి మళ్లీ వెళ్లి తలుపు తీసి నిలబడ్డాను, దోమల కోసం. నెల్లూరు దోమల పేరు మా ఊరిదాకా పాకింది, అది నిజమే. కిటికీలకు జాలీ లేని ఇల్లు ఎంత చవకైనా వద్దు.

మూలాపేటకు నేను ఇష్టంగా వెళ్లలేదు. ఇరుకు సందులు, పాత ఇళ్లు. అత్తయ్య మాత్రం మూలస్థానేశ్వరుడి గుడిలోకి వెళ్లి అరగంటైనా బయటికి రాలేదు. ఉసిరిచెట్టు కింద వెలసిన స్వామి అని, ఆ ‘నెల్లి’ చెట్టు వల్లే ఊరికి నెల్లూరని పేరొచ్చిందని అక్కడివాళ్లు చెప్పే కథ విని కూర్చున్నారు. ఈలోగా ఎదురింటి పెద్దావిడను వాన సంగతి అడిగాను. "మా వీధిలో మడమల దాకా వస్తాది, రెండు గంటల్లో లాగేస్తాది. ఆ చివర ఇల్లు మాత్రం తీసుకోబాకమ్మా, గడప దాటి లోపలికొస్తాది" అని వేలుపెట్టి చూపించారు. ఆ చివరి ఇల్లే బ్రోకరు మాకు చూపిద్దామనుకున్నది.

వీధి మధ్యలో మేడ మీది పోర్షన్ తీసుకున్నాం. అద్దె 9,000, మూడు నెలల అడ్వాన్సు. పొగతోటకు ఆటోలో పది నిమిషాలు, మా ఆయన బస్సుకు పట్టాలు దాటే పనిలేదు. జాలీలు మేమే వేయించుకున్నాం. దిగిన మర్నాడే ఆ పెద్దావిడ మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు గిన్నెతో వచ్చి, "ఈపూట తినబాకండి, రేపు తినండి" అని చెప్పి వెళ్లారు. అత్తయ్య ఆ గిన్నెను తెల్లారేదాకా కాపలా కాశారు.

ఒక్క ఇబ్బంది మిగిలింది. కారు సందులో పట్టదు. రెండు వీధుల అవతల ఒకరి ఖాళీ స్థలంలో, నెలకు 800 ఇచ్చి పెడుతున్నాం.