కాలనీ బరువు కార్యక్రమం: రెండేళ్ల తర్వాత మా ఇంటి అనుభవం

మా కాలనీ సంక్షేమ సంఘం, పక్క వీధిలోని బస్తీ దవాఖానా, మా బాబు చదివే బడి కలిసి ఇంటిల్లిపాదికీ బరువు తగ్గే కార్యక్రమం ఒకటి పెట్టాయి. మేం నలుగురం చేరి రెండేళ్లు దాటింది. చేరమంటారా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

అన్నిటికంటే బాగా పనిచేసింది నూనె లెక్క. మొదటి రోజు వాళ్లు మమ్మల్ని బరువు అడగలేదు, నెలకు ఎన్ని నూనె ప్యాకెట్లు కొంటారని అడిగారు. మాకు ఆరయ్యేవి, పండగ నెలైతే ఇంకా ఎక్కువే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి నూనె, కొవ్వులు కలిపి 27 గ్రాములు చాలు, అంటే నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు. అందుకని ఒక పాత తేనె సీసా మీద నెయిల్ పాలిష్‌తో గీత గీసి, పొద్దున్నే అంతవరకే నూనె పోసి, రోజంతా దాంతోనే వండటం మొదలుపెట్టాను. ఇంత నూనెలో గుత్తి వంకాయ ఎలా మగ్గుతుందమ్మా అని అత్తయ్య వారం రోజులు బాధపడి, చివరికి మూత మీద నీళ్లు పోసి సన్నసెగ మీద ఆవిడే మగ్గించి చూపించారు. ఇప్పుడు నెలకు నాలుగు ప్యాకెట్లు దాటట్లేదు.

నా బరువు 78 నుంచి 71కి వచ్చింది, నడుము 94 సెంటీమీటర్ల నుంచి 87కి. ఆడవాళ్లకు 80 లోపు ఉండాలి కాబట్టి ఇంకా దూరం ఉంది.

నాకు బాగా కోపం తెప్పించింది మాత్రం బడిలో జరిగింది. మొదట్లో తరగతి అందరి ముందూ పిల్లల్ని కాటా ఎక్కించి అంకె పైకి చదివారు. మా వాడు రెండు రోజులు బడికి వెళ్లనని ఏడ్చాడు. నలుగురు తల్లులం వెళ్లి గట్టిగా మాట్లాడాక ఒక్కొక్కరినీ లోపలి గదిలో చూసి, కాగితం కవర్లో పెట్టి ఇంటికి పంపుతున్నారు. దయచేసి మీ దగ్గర ఇలాంటిది మొదలుపెడితే ఈ ఒక్క విషయం ముందే తేల్చుకోండి. అదే బడి సాయంత్రాలు గ్రౌండ్ తెరిచి ఉంచడం మాత్రం మా వాడికి నిజంగా మేలు చేసింది, బరువు దాదాపు అక్కడే ఆగింది, మనిషి పొడుగయ్యాడు.

గుంటూరులో ఉన్న మా అక్క ఇదంతా సిటీ వాళ్ల గొడవ అంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అధిక బరువున్న ఆడవాళ్లు తెలంగాణలో 30 శాతం, ఆంధ్రాలో 36 శాతం అని చెప్పాక సీసా ఫొటో పంపమంది.

లోటు ఒకటుంది. నడక బ్యాచ్ పొద్దున ఐదున్నరకే, నైట్ షిఫ్టు వాళ్లకి కుదరదు, అందుకే మా ఆయన మూడో నెలలోనే మానేశారు. వచ్చే నెల నుంచి సాయంత్రం బ్యాచ్ పెడతామన్నారు, ఆయన పేరు నేనే రాయించాను.