అంటు గులాబీల పేరుతో అమ్ముతున్నది ఏమిటి? కొనబోయేవారికి ఒక హెచ్చరిక

వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో గులాబీలు నాటాలనుకునేవారు మొక్కల కోసం వెతకడం మొదలుపెడతారు. అందుకే ఆన్‌లైన్‌లో అంటు గులాబీలు తెప్పించుకున్న మా ఇంటి అనుభవాన్ని, దాని వెనుక ఉన్న కారణాలతో సహా ఇక్కడ వివరంగా రాస్తున్నాను. అమ్మినవారి పేరు రాయడం లేదు. ఈ పద్ధతిలో అమ్మేవారు ఒక్కరే కారు, వారి దుకాణాల పేర్లు కూడా తరచుగా మారుతుంటాయి. పద్ధతిని గుర్తుపట్టగలిగితే, పేరు ఏదైనా మీ డబ్బును, అంతకంటే విలువైన ఒక సీజన్‌ను కాపాడుకోగలుగుతారు.

మాది హైదరాబాదు. ఇంటి ముందున్న చిన్న జాగాలోనూ డాబా మీది కుండీల్లోనూ పెంచుకోవడానికి, రకరకాల రంగుల అంటు గులాబీల సెట్ అనే ప్రకటన చూసి కొన్నాము. కడియం నుంచి నేరుగా పంపుతున్నామని, ఏడాది పొడవునా పూస్తాయని, ప్రతి మొక్కా అంటు కట్టినదేనని ప్రకటనలో ఉంది. వచ్చిన మొక్కలు చూడటానికి ఆరోగ్యంగానే ఉన్నాయి. ఆకులు పచ్చగా ఉన్నాయి, కొమ్మలు పెన్సిలంత లావున్నాయి, ఒక్కొక్క దానికీ ఎరుపు, పసుపు, నారింజ అని రంగు రాసిన చీటీ కట్టి ఉంది. నాటిన కొద్ది వారాల్లోనే అవి మేము అంతకుముందు పెంచిన ఏ గులాబీ కంటే కూడా వేగంగా పెరిగాయి. పొడవాటి, సన్నని, వంగిపోయే కొమ్మలు పుట్టుకొచ్చాయి, వాటికి ముళ్లు దాదాపు లేవు. చలికాలమంతా గడిచినా మొగ్గ మాత్రం వేయలేదు. చివరికి ఒకే ఒక్క మొక్కకు, ఎరుపు అని చీటీ ఉన్నదానికి, అయిదు రేకల చిన్న తెల్లని పూలు గుత్తిగా పూశాయి.

అప్పుడు మొదళ్ల దగ్గరికి వంగి చూస్తే విషయం బయటపడింది. మట్టికి రెండు అంగుళాల పైన కాండం చుట్టూ ప్లాస్టిక్ పట్టీ ఇంకా బిగించే ఉంది. దాన్ని విప్పితే లోపల గోరంత బెరడు ముక్క, దాని మధ్య కన్ను (కొమ్మగా చిగురించే మొగ్గ), రెండూ నల్లగా ఎండిపోయి ఉన్నాయి. వేలితో తాకగానే ఊడి చేతిలోకి వచ్చాయి. పెరిగిన కొమ్మలన్నీ ఆ కన్నుకు కింది నుంచి వచ్చినవే. మరి కొన్ని మొక్కలకు అంటు కట్టిన గుర్తే లేదు. పట్టీ లేదు, బెరడు మీద కోత లేదు, అవి వేరుమూలపు మొక్క, అంటే అంటు కట్టడానికి అడుగున వాడే మొరటు గులాబీ, కొమ్మలను గుచ్చి వేర్లు పట్టించిన కవరు మొక్కలు మాత్రమే.

ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే అంటు కట్టే పద్ధతి తెలియాలి. మనకు దొరికే హైబ్రిడ్ గులాబీల్లో ఎక్కువ భాగం సొంత వేరు మీద పెరిగేవి కావు. గట్టి వేర్లున్న ఒక మొరటు గులాబీని ముందుగా కొమ్మల ద్వారా పెంచి, దాని కాండం మీద బెరడును ఇంగ్లీషు T అక్షరం ఆకారంలో కోసి, పూల రకం నుంచి తీసిన కన్నును ఆ చీలికలోకి జొనిపి, ప్లాస్టిక్ పట్టీతో బిగిస్తారు. దక్షిణాదిలో ఇందుకు ఎక్కువగా వాడేది ముళ్లు లేని మల్టీఫ్లోరా అనే గులాబీ. ఉత్తరాదిలో కొన్నిచోట్ల ఎడ్వర్డ్ అనే మరో గులాబీని వాడతారు. మూడు నాలుగు వారాల్లో కన్ను పచ్చగా నిలిచి చిగురు వేస్తే, దానికి పైన ఉన్న మల్టీఫ్లోరా కొమ్మను కత్తిరించేస్తారు. కన్ను ఎండిపోతే ఆ మొక్కకు మళ్లీ అంటు కట్టాలి, లేదా పక్కన పడేయాలి. కన్ను పట్టిందో లేదో చూడకుండా ఎవరూ ఈ పని చేయలేరు, పై కొమ్మను కత్తిరించాలా వద్దా అన్నది దాన్ని చూసే నిర్ణయిస్తారు. కాబట్టి చచ్చిన కన్ను ఉన్న మొక్కను రంగు చీటీ కట్టి పంపడాన్ని నేను పొరపాటు అనలేను. ఇందులోని అసలు కిటుకు కాలంలో ఉంది. మొక్కను వెనక్కి ఇవ్వడానికి మనకు ఇచ్చే గడువు రోజుల్లో ఉంటుంది, మొక్క నిజం చెప్పడానికి నెలలు పడుతుంది.

వేరుమూలపు కొమ్మను గుర్తించడానికి, అయిదు రెబ్బల ఆకు మంచిది, ఏడు రెబ్బల ఆకు చెడ్డది అని చాలామంది చెబుతుంటారు. దీన్ని పూర్తిగా నమ్మకండి. మంచి హైబ్రిడ్ రకాలకు కూడా ఒక్కోసారి ఏడు రెబ్బలుంటాయి. ఆ లెక్కన మంచి కొమ్మలను కోసి పారేసినవారు నాకు తెలుసు. కొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నమ్మదగిన గుర్తు. అంటుకు పై నుంచి వస్తే మనది, కింది నుంచి గానీ మట్టిలో నుంచి గానీ వస్తే వేరుమూలానిది. మల్టీఫ్లోరాకు ఇంకో గుర్తు ఉంది. ఆకు తొడిమ మొదట్లో అతుక్కుని ఉండే సన్నని రెక్కలను, అంటే పత్రపుచ్ఛాలను, వెలుతురులో పెట్టి చూస్తే వాటి అంచులు దువ్వెన పళ్ల మాదిరిగా చీలి కనిపిస్తాయి. హైబ్రిడ్ టీ అనే పెద్ద పూల రకాల్లో ఆ అంచు చాలావరకు నునుపుగా ఉంటుంది. పూత కోసం ఎదురుచూడకుండానే, మొక్క చేతికి వచ్చిన రోజునే ఈ గుర్తును చూసుకోవచ్చు.

మేము ఫిర్యాదు చేసినప్పుడు వచ్చిన సమాధానాలను కూడా చెప్పాలి, ఎందుకంటే మీకూ ఇవే వస్తాయి. మీ మట్టి మారడం వల్ల రంగు మారిందన్నారు, ఎండ చాలలేదన్నారు, బోరు నీళ్లు పోశారు కాబట్టి పూయలేదన్నారు. మట్టి వల్ల ఎర్ర గులాబీ అయిదు రేకల తెల్ల గులాబీ కాదు. అయితే ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. ఎండలు ముదిరినప్పుడు మంచి మొక్కకు కూడా పువ్వు చిన్నదవుతుంది, రేకలు తగ్గుతాయి, రంగు వెలుస్తుంది. రెండు రంగుల రకాల్లో ఈ తేడా మరీ ఎక్కువ. ఏప్రిల్‌లో పూసిన పువ్వును చూసి నర్సరీవారిని నిందించడం సరికాదు. బోరు నీటిలో ఉప్పులు, క్షారగుణం ఎక్కువగా ఉంటే ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా మిగలడం కూడా నిజమే. అది ఇనుము అందకపోవడం వల్ల వచ్చేది, మొక్క రకానికి సంబంధించినది కాదు.

అదే దుకాణంలో నీలి గులాబీ, నల్ల గులాబీ, ఇంద్రధనుస్సు గులాబీ విత్తనాల పొట్లాలు కూడా అమ్మకానికి ఉన్నాయి. మా బంధువులు ఒకరు కొన్నారు, మొలిచినవి ఆవాల మొక్కల జాతివి. ఈ విత్తనాల విషయంలో మోసం కొట్టొచ్చినట్లు కనిపించేదే అయినా, ప్రతి ఏడాదీ కొత్తవారు పడుతూనే ఉన్నారు. గులాబీకి డెల్ఫినిడిన్ అనే నీలి వర్ణకాన్ని తయారుచేసుకునే జన్యువు లేదు. జపానుకు చెందిన సన్‌టోరీ సంస్థ జన్యుమార్పిడి ద్వారా తయారుచేసి 2009లో అమ్మకానికి తెచ్చిన 'అప్లాజ్' గులాబీ కూడా లేత ఊదా రంగులోనే ఉంటుంది. బజారులో కనిపించే నీలి పూలు తెల్ల పూలకు రంగు నీళ్లు పట్టించినవి. ఇంద్రధనుస్సు పువ్వు, కాడను నిలువునా చీల్చి ఒక్కో చీలికను ఒక్కో రంగు నీటిలో ముంచితే వచ్చేది. నల్లవని చెప్పేవి ముదురు ఎరుపు రకాలు. పైగా హైబ్రిడ్ గులాబీ విత్తనం నుంచి తల్లి మొక్కలాంటి మొక్క రాదు. పొట్లం మీద బొమ్మ ఏదైనా సరే, గులాబీ విత్తనాలకు డబ్బు పెట్టకండి.

గులాబీలతో పాటు తెప్పించిన పొద మొక్కల్లోనూ ఇదే తంతు. పెద్ద పెద్ద రంగుల పూలు పూసే హైబ్రిడ్ మందారాలను కూడా చాలావరకు నాటు మందారం మీద అంటు కడతారు. అంటు కింది చిగుళ్లను తుంచకపోతే నాటు మందారం పైకి వచ్చి, అసలు రకం మాయమవుతుంది. మాకు వచ్చిన ఒక మందారానికి అంటు కింద అప్పటికే రెండు బలమైన కొమ్మలుండగా, అంటు పైన రెండే ఆకులున్నాయి. ఇంతకంటే నన్ను ఎక్కువ బాధించిన సంగతి, కంచె కోసం పంపిన పొదల్లో గన్నేరు, పచ్చగన్నేరు ఉండటం, వాటి మీద ఒక్క హెచ్చరిక కూడా లేకపోవడం. ఈ రెండింటిలోనూ ఆకు, పువ్వు, కాయ అన్నీ విషమే, గుండె మీద పనిచేసే విషం. పిల్లలు తిరిగే ఇంటి ముందు, పశువులు నోరు పెట్టే గోడ పక్కన వీటిని పెట్టకండి. నందివర్ధనం, నూరు వరహాలు మన ఎండలకు తట్టుకునేవి, కొమ్మల ద్వారానే వచ్చేవి, వాటిలో మోసానికి చోటు తక్కువ.

ఇప్పుడు కొనేటప్పుడు ఏం చూడాలో చెబుతాను. పూసి ఉన్న మొక్కలో పువ్వును చూసి మురిసిపోవడం సహజం, కానీ ముందుగా కిందికి వంగి అంటును చూడండి. పట్టీ ఉంటే విప్పి చూపించమనండి. కన్ను నుంచి కనీసం రెండు గట్టి కొమ్మలు వచ్చి, అంటు చుట్టూ బెరడు కలిసిపోయి ఉండాలి. అక్కడ కొద్దిగా ఉబ్బు ఉండటం సహజమే. కానీ గరుకుగా, పిడచల్లాగా, ముద్దలుగా పెరిగిన కణితి ఉంటే అది క్రౌన్ గాల్ అనే బాక్టీరియా తెగులు కావచ్చు, అది మీ మట్టిలోకి వస్తే వదలదు. కత్తిరించిన కొమ్మ కొన నుంచి నలుపు కిందికి దిగుతుంటే డైబ్యాక్ అనే ఎండు తెగులు, అది అంటు దాకా వచ్చిన మొక్కను ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. కాండం మీద అంటుకున్న పొలుసుల్లాంటి మచ్చలను గోటితో గీరండి, ఊడి వస్తే పొలుసు పురుగు. ఆకు అడుగున సన్నని గూడు, దుమ్ములాంటి చుక్కలు ఉంటే ఎర్రనల్లి.

కవరు దగ్గర కాండాన్ని పట్టుకుని కొంచెం కదిపి చూడండి. మట్టితో సహా కదిలితే వేరు పట్టింది, కాండం ఒక్కటే ఊగితే నిన్న మొన్న గుచ్చిన కొమ్మ. మట్టి బంకగా, రాయిలా గట్టిపడి ఉంటే అది ఎండినప్పుడు కుంచించుకుపోయి, మనం పోసిన నీరంతా పక్కల నుంచి జారిపోతుంది, లోపలి వేరు మాత్రం ఎండిపోతుంది. అలాంటి గడ్డను కుండీలో అలాగే దించకుండా, బకెట్ నీటిలో నానబెట్టి, వేర్లు తెగకుండా అంచుల మట్టిని కరిగించి నాటాలి. ఇక రకం పేరు తప్పకుండా అడగండి. గ్లాడియేటర్ అనో, 1945 నాటి పీస్ అనో, 1977 నాటి డబుల్ డిలైట్ అనో, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన మృణాళిని, రక్తగంధ అనో చెప్పగలిగినవారికి, కన్ను ఏ చెట్టు నుంచి తీశారో తెలుసని అర్థం. రంగు పేరు తప్ప మరేమీ చెప్పలేనివారి దగ్గర ఖరీదైన మొక్క కొనడం నా ఉద్దేశంలో తగదు. కడియం, కడియపులంక నర్సరీల్లో తరతరాలుగా ఈ పని తెలిసినవారున్నారు. వారి ఊరి పేరును ఎవరైనా ప్రకటనలో రాసుకోవచ్చు గనుక, ఆ పేరును హామీగా తీసుకోకండి. వీలైతే స్వయంగా వెళ్లి చూసి తెచ్చుకోండి.

మొదటిసారి పెంచేవారికి పన్నీరు గులాబీ మంచిదని చెబుతాను. అది కొమ్మ గుచ్చితే వచ్చే సొంత వేరు మొక్క కాబట్టి, ఎక్కడి నుంచి చిగురు వేసినా అదే పువ్వు, అదే వాసన. అంటు మొక్క పెడితే మన వాతావరణంలో అంటు మట్టికి రెండు మూడు అంగుళాలు పైనే ఉండాలి. మంచు కురిసే దేశాలవారు దాన్ని మట్టిలో పాతమని చెప్పే సలహాలు మనకు పనికిరావు. రోజుకు అయిదారు గంటల ఎండ తగలాలి. దూరం నుంచి వచ్చిన మొక్కను కొద్ది రోజులు నీడలో ఉంచి, కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు వేయకండి. నడి వేసవిలో మాత్రం ఎంత తగ్గింపు ఇచ్చినా తెప్పించుకోవద్దు.

ఆన్‌లైన్‌లోనే కొనక తప్పనివారు పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. ఆకులను, పూలను కాకుండా ప్రతి మొక్క మొదలును, అంటును, చీటీని కలిపి దగ్గరగా చూపించండి. మొక్కలు వచ్చిన రోజు మా అబ్బాయి తీసిన ఫోటోల్లో పట్టీ, దాని కింది చిగుళ్లు స్పష్టంగా ఉండబట్టే గడువు దాటిన తరువాత కూడా మా మాట నిలబడింది. ప్రకటన పేజీని కూడా ఫోటో తీసి ఉంచుకోండి, మేము ఫిర్యాదు చేసిన తరువాత అందులో అంటు అనే మాటను తీసేశారు. ప్రాణమున్న మొక్కలకు వాపసు లేదన్న షరతు, చెప్పిన వస్తువు కాకుండా వేరేది పంపినప్పుడు వర్తించదని వాదించే హక్కు మీకుంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకపు వేదిక (మీరు కొన్న వెబ్‌సైట్ లేదా యాప్) ఫిర్యాదును 48 గంటల్లో అందుకున్నట్టు తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడ పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే రెండేళ్లలోపు కేసు వేయవచ్చు, అయిదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు. మాకు 1915కు చెప్పిన తరువాత వేదిక నుంచి గులాబీల డబ్బు తిరిగి వచ్చింది. పొద మొక్కల డబ్బు రాలేదు. వాట్సాప్‌లో పరిచయమై వ్యక్తిగత నంబరుకు డబ్బు పంపించుకునేవారి దగ్గర కొన్నవారికి ఈ దారి చాలా కష్టం, ఎందుకంటే రసీదూ ఉండదు, చిరునామా కూడా ఉండదు.

మాకు అమ్మిన దుకాణం ఆ వేదిక మీద ఇప్పుడు కనిపించడం లేదు. అయితే అవే ఫోటోలతో, అదే వాక్యాలతో మరో పేరు మీద గులాబీల సెట్ ఈ మధ్యనే మళ్లీ అమ్మకానికి వచ్చింది. ప్రకటనలోని ఫోటోను ఇమేజ్ సెర్చ్‌లో వేసి చూడండి. అదే ఫోటో విదేశీ తోటల పేజీల్లోనూ, నాలుగైదు దుకాణాల పేర్ల మీదా కనిపిస్తే, ఆ మొక్కను అమ్మేవారు ఎన్నడూ చూడలేదని అనుకోవచ్చు. ఇలాంటి సెట్ ఇప్పటికే తెప్పించుకున్నవారు ఈరోజే మొదళ్లలో మట్టి తీసి అంటును చూసుకోండి. కన్ను ఇంకా పచ్చగా ఉంటే, కింది కొమ్మలను కత్తెరతో పైపైన కోయకుండా అవి పుట్టిన చోటి దాకా వెళ్లి పీకేయండి, మొక్క దక్కుతుంది.