యానాం గట్టు మీద పరుగు: ఐదుకి నాలుగు చుక్కలు

ఆదివారం తెల్లారి ఐదింటికి రాజీవ్ బీచ్ దగ్గర మొదలెడతానండి. బీచ్ అంటారు గానీ, ఎదురుగా ఉన్నది గౌతమి గోదావరే. గట్టు చదును, కొత్తవాళ్ళకి హాయి.

అసలు మజా బాలయోగి వారధి మీద. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న ఊళ్ళో బయల్దేరి, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం దాటి, ఎదుర్లంకలో దిగేసరికి ఆంధ్రాలో ఉంటాం. చిన్నప్పుడు పంటు మీద దాటిన రేవిది! నడిమధ్యన పక్కగాలి కొడితే క్యాపు చేత్తో పట్టుకోవాల్సిందే. నాది పోయిన నెల గోదారి పాలైంది. కింద నావలో వలేస్తున్నాయన "టోపీ పడిందండోయ్!" అని కేకేశాడే గానీ, తీసివ్వలేదు.

తెల్లారాక లారీలు రాసుకుంటూ పోతాయి. చుక్క తగ్గించింది అందుకే. కుక్కలు సరేసరి. నీళ్ళసీసా మీరే తెచ్చుకోండి.