బండి ఉన్నది, డ్యూటీ లేదు: ఒక బస్ సిమ్యులేటర్ మీద నా రివ్యూ

ఈ గేమ్ వచ్చిన కొత్తల సంది నా ఫోన్ల ఉన్నది, ఫోన్ మారినప్పుడల్లా మొదలు ఎక్కించేది ఇదే, కాబట్టి ఒక పూట ఆడి కోపంతోని రాస్తున్న రివ్యూ కాదిది. పేరు చెప్పను గానీ నల్లగొండ, మిర్యాలగూడ దిక్కు బస్సుల పిచ్చి ఉన్న పోరగాళ్లకు ఎరుకే. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సూపర్ లగ్జరీ రంగులన్నీ మనోళ్లే మోడ్‌లు (గేమ్‌ల బండిని మార్చేటందుకు ఆడేటోళ్లే చేసే ఫైళ్లు) చేసి పెట్టిన్రు, ముందట బోర్డు మీద దేవరకొండ అని తెలుగుల రాసి ఉంటది.

బండి మాత్రం మస్తు చేసిన్రు. స్టీరింగ్ బరువు, మూల తిరిగేటప్పుడు వెనక భాగం ఎంత జాగ తీసుకుంటదో అది, సైడ్ అద్దాలు, గేరు మార్చినప్పుడు ఇంజిన్ సౌండ్ దిగుడు... ఇంత మంచి పునాది ఏసినోళ్లు ఇంక ఏమేం చేస్తరో అని ప్రతి అప్‌డేట్‌కు ఎదురుచూసిన, అందుకే ఇప్పుడు ఇంత బాధ.

బ్రేకుల సంగతే చెప్త. నిజం బస్సుల ఎయిర్ బ్రేక్ ఉంటది, కంప్రెసర్ గాలి నింపాలె, ట్యాంకుల గాలి ఉంటేనే కాలి బ్రేక్ పనిచేస్తది, ఊకే తొక్కుకుంట పోతే గాలి దిగుతది, మరీ దిగితే స్ప్రింగ్ బ్రేక్ దానంతటదే పట్టేసి బండి ఆడనే నిలబడుతది. శ్రీశైలం రోడ్డు మీద దోమలపెంట దాటినంక కృష్ణ దాక దిగే మలుపులల్ల డ్రైవర్ చిన్న గేర్ల, ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజిన్ పొగను అడ్డుకుని వేగం తగ్గించేది) మీద దిగుతడు, ఎందుకంటే బ్రేక్ మీదనే కాలు పెట్టి దిగితే చక్రాలల్ల బ్రేక్ డ్రమ్ములు వేడెక్కి పట్టు పోతది. గేమ్‌ల ఎంత ఘాట్ అయినా టాప్ గేర్ల ఉరికించి చివర్ల తొక్కితే టక్కున ఆగుతది. వాన పడ్డా అంతే, ఎండ కొట్టినా అంతే. ఇంక ఘాట్ మ్యాప్ ఎందుకు?

ఫోన్ గేమ్ కదా, అన్నీ ఎట్ల పెడ్తరు అని కొందరు అంటరు. ఒప్పుకోను. లారీలు నడిపే యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 వచ్చింది 2012ల, అది కంప్యూటర్ గేమే, గ్రాఫిక్స్‌ల దానితోని పోల్చుడు తప్పే, గానీ గాలి ప్రెజర్ అంటే పెరిగే తగ్గే ఒక నంబర్, డ్రమ్ము వేడి ఇంకో నంబర్, వీటికి పెద్ద ఫోన్ ఏం అక్కర్లేదు. చేసే మనసు లేదు అంతే.

ఇంక జనం. బస్సు అంటేనే జనం కదా. ఈడ స్టేజీ కాడ ఆపితే ఒక్క తీరు మొఖాలున్న నలుగురు ఎక్కుతరు, పైసలు జమ అయితయి, ఆఖరి స్టాప్‌ల అందరు ఒక్కసారే దిగుతరు. నడుమ దిగేటోళ్లు లేరు, స్టేజీ కాకున్నా చెయ్యెత్తి ఆపే ముసలమ్మ లేదు, కండక్టర్ లేడు, హోల్డాన్, రైట్ రైట్ అనే మాట ఒక్కటి వినపడది. 2023 డిసెంబర్ 9 సంది తెలంగాణల మహాలక్ష్మి పథకం కింద ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్ల టికెట్ ఫ్రీ, అప్పటి సంది మన బస్సులల్ల రద్దీ ఎట్లుంటదో చూస్తనే ఉన్నం, నిండిన బండిని టైముకు తీస్కపోవుడే డ్రైవర్‌కు అసలు పరీక్ష. గేమ్‌ల ఖాళీ బండి, నిండిన బండి రెండూ ఒక్క తీరే లాగుతయి, లేటయితే అడిగేటోడు లేడు. చెర్వుగట్టు జాతరకో కురుమూర్తి జాతరకో స్పెషల్ బస్సులు ఏసినట్టు పండుగ డ్యూటీలు పెడితే ఎంత బాగుండేది, ఆ ఆలోచనే రాలే వాళ్లకు.

మరి అప్‌డేట్‌లల్ల ఏమొస్తయి? కొత్త హారన్లు, రంగు లైట్లు, కొత్త స్కిన్లు (బస్సు మీది రంగుల డిజైన్లు). ట్రిప్పు అయిపోంగనే యాడ్, యాడ్ చూస్తే డబుల్ కాయిన్స్, ఆ కాయిన్స్ పెట్టి ఇంకో బస్సు కొనాలె, ఆ బస్సుతోని మళ్ల గవే ఖాళీ రోడ్లు. ట్రాఫిక్ అయితే ఇంకా అన్యాలం, ముందట కార్ ఏ కారణం లేకుండ నడిరోడ్డు మీద ఆగుతది, వెనకకు పోదు, నువ్వు సైడ్ తీసుకుంటే గుద్దినవని ఫైన్ ఏస్తది, ఈ ఒక్కదాన్ని ఇన్నేండ్లల్ల సక్కగ చేయలేకపోయిన్రు.

మోడ్‌లు చేసే పోరగాళ్లు జీతం బత్తెం లేకుండ రాత్రిళ్లు కూసోని మన డిపో బస్సు సీటు కవర్ కాడికెళ్లి కరెక్ట్‌గ దించుతున్నరు, వాళ్లకున్న శ్రద్ధల సగం అసలు కంపెనీకి ఉన్నా ఈ గేమ్ ఏడనో ఉండేది.

5కు 2 ఇస్తున్న, ఆ రెండు కూడా స్టీరింగ్‌కు, అద్దాలకు. కొత్తగ ఏసుకునేటోళ్లు ఫ్రీగనే ఆడున్రి, యాడ్స్ తీసేసే ప్యాక్ మాత్రం కొనకున్రి, బ్రేకులు, పాసింజర్ల సంగతి మారినయని అప్‌డేట్ నోట్స్‌ల కనపడేదాక ఆగున్రి.