చింతపండు పులిహోరా, నిమ్మకాయ పులిహోరా?

పొద్దున్నే డబ్బాలోకైతే నిమ్మకాయే. గ్లాసు బియ్యం పొడిపొడిగా వండి, పళ్లెంలో ఆరబెట్టి, పోపు కలిపాక ఒకటిన్నర కాయ పిండాలి. పొయ్యి మీద ఉండగా పిండితే చేదెక్కుతుంది, గింజలు పడినా అంతే. సాయంత్రానికి ఆ వాసన సగం పోతుంది.

ప్రయాణానికీ ప్రసాదానికీ చింతపండుదే పైచేయి. అదే గ్లాసుకు నిమ్మకాయంత చింతపండు వేణ్ణీళ్లలో నానబెట్టి, చిక్కగా పులుసు పిసికి, పసుపు, ఉప్పు, చీల్చిన పచ్చిమిర్చి, రెండు చెంచాల నూనె వేసి ఉడికించాలి. గుజ్జు దగ్గరపడి అంచుల్లో నూనె తేలాలి. తొందరపడి దించితే పచ్చివాసన, పైగా అన్నం ముద్దవుతుంది. చిటికెడు బెల్లం, కాస్త ఆవపిండి పడితే ఆ ఘాటే వేరు! కలిపిన గంటకి గానీ పులుపు పట్టదు. వేయించిన పల్లీలు దేంట్లోనైనా చివర్లోనే, లేకపోతే మెత్తబడతాయి.