నాలుగేళ్ళు వెలిగించాక చెప్తున్నా: బేస్‌మెంట్ బార్ కోసం నేను చేసుకున్న టికీ లాంపులు

ఇవాళ్టికి మా బేస్‌మెంట్లో ఏడు లాంపులు వేలాడుతున్నాయి, చేసినవి మాత్రం పదకొండు. మిగతా నాలుగిట్లో ఒకటి కిందపడి పగిలింది, ఒకటి పుచ్చిపోయింది, ఒకటి కంపు కొట్టింది, ఒకటి మా అమ్మ సూట్‌కేస్‌లో పెట్టుకుని ఉద్దానం పట్టుకెళ్ళిపోయింది. 2021 చలికాలంలో మొదలెట్టా, అప్పట్నుంచీ దాదాపు రోజూ సాయంత్రం రెండు మూడు గంటలు వెలుగుతూనే ఉన్నాయి కాబట్టి ఏది నిలబడిందో ఏది చేతులెత్తేసిందో ఇప్పుడు కాస్త ధైర్యంగా చెప్పగలను. చేసిన వారానికే ఫొటో పెట్టి సూపర్ అనేయడం ఎవరైనా చేస్తారు, నేనూ అప్పట్లో అదే చేసా.

మేముండేది ఒహాయోలో, కొలంబస్ పక్కన. టికీ పిచ్చి, అంటే పసిఫిక్ దీవుల్ని ఊహించుకుని అలంకరించే అమెరికన్ బార్ల పిచ్చి, నాకు కాలిఫోర్నియా నుంచి రాలా, ఈ ఊరి నుంచే పట్టింది. ఇక్కడ కహికి అని పెద్ద పడవని బోర్లించినట్టు పైకప్పున్న ఒక రెస్టారెంటు ఉండేది, 1961లో తెరిచారు, 1997లో నేషనల్ రిజిస్టర్‌లో చారిత్రక కట్టడంగా ఎక్కించారు, ఎక్కించిన మూడేళ్ళకి అంటే 2000లో పడగొట్టేసి అక్కడ మందుల షాపు కట్టారు. నేను దాన్ని చూడనేలేదు, ఆ పేరు మొదట చూసింది ఫ్రోజెన్ సెక్షన్లో ఎగ్ రోల్స్ డబ్బా మీద. మా పక్కింటి పెద్దాయన ఆ డబ్బా చూసి గంటసేపు దాని కథ చెప్పాడు, లోపల కిటికీల అవతల ఉత్తుత్తి వాన, ఉరుములు, మనిషిని మింగేసేంత మొహమున్న రాతి బొమ్మ, అన్నిటికంటే ఎక్కువ చెప్పింది చీకటి గురించి. మధ్యాహ్నం రెండింటికి లోపలికెళ్ళినా రాత్రి పది అయినట్టుండేదట. ఈ టికీ బార్లు 1930ల్లో డాన్ ద బీచ్‌కోంబర్, ట్రేడర్ విక్స్ అనే రెండు బార్లతో మొదలైనప్పట్నుంచీ అంతే, పసిఫిక్ దీవులు ఇలా ఉంటాయని అమెరికావాడు ఊహించుకుని కట్టుకున్న చీకటి గదులు. ఆ చీకట్లో అక్కడక్కడా వేలాడే తేనెరంగు వెలుగే ఆ గదికి ప్రాణం. అది లేకపోతే మిగిలేది వెదురు తడికలు అతికించిన గోడౌను.

మొదట్లో నేనూ అందరిలాగే వెదురుతో మొదలెట్టా. నాలుగు పక్కలా అంగుళం మందం బొంగులు, మూలల్లో తాడు చుట్టి కట్టడం, లోపల చాప, చూడ్డానికి అదిరింది. జనవరి వచ్చింది, హీటర్ రాత్రీపగలూ తిరుగుతోంది, ఇంట్లో గాలి అప్పడంలా ఎండిపోయింది. ఒకరోజు అర్ధరాత్రి కింద ఠప్ మని చప్పుడు, దొంగలేమో అని మా ఆవిడ నన్ను ముందు పంపించింది (అదో పెద్ద కథ), చూస్తే బొంగు నిలువునా చీలింది. తర్వాత తెలిసిందేంటంటే కణుపుకీ కణుపుకీ మధ్య లోపల అడ్డంగా పొర ఉంటుంది, లోపలి తేమ బయటికి పోదు, పైభాగం మాత్రం ఎండి బిగుసుకుంటుంది, ఆ లాగుడికి ఎక్కడోచోట పగలాల్సిందే. ఇప్పుడు సన్నటి ఇనపచువ్వతో కణుపులన్నీ లోపల్నుంచి పొడిచేస్తున్నా, ఆ తర్వాత ఒక్కటే చీలింది.

చీలిక కంటే ఘోరం పుచ్చు. రెండో లాంపు కింద బార్ బల్ల మీద రోజూ పొద్దున్నే చిటికెడు పిండి కనపడేది. మైదాపిండి లాగే ఉంటుంది, వేళ్ళతో నలిపితే మెత్తగా. పిల్లలు ఏదో తిని పడేశారనుకుని ఒక వారం తుడిచా. తర్వాత టార్చి వేసి చూస్తే బొంగుకి గుండుసూది మొనంత చిల్లులు ఓ ఇరవై. పురుగు లోపల కూర్చుని వెదుర్లో ఉండే గంజిపదార్థాన్ని తింటోందన్నమాట. అమ్మకి వీడియో కాల్లో చూపిస్తే ఒకటే నవ్వు, "బొంగులు కొట్టి చెరువులో నానేసేది అందుకే కదరా, అంత చదువు చదివావు ఆ మాత్రం తెలీదా" అంది. నిజంగా తెలీదు. చిన్నప్పుడు చెరువులో బొంగులు తేలుతుంటే వాటిమీద ఎక్కి ఆడుకున్నానే తప్ప ఎందుకు పడేశారని ఎవర్నీ అడగలా. ఆ లాంపుని చెత్తలో పడేసి కొత్త బొంగుల్ని బోరాక్సూ బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో పది రోజులు నానబెట్టి, నీడలో ఆరబెట్టి వాడా, మూడేళ్ళయింది పిండి రాలలేదు. వెదురు కొనేవాళ్ళు ముందు ఒక కాగితం మీద బొంగు నిలబెట్టి తట్టి చూడండి, పొడి రాలితే ఇంట్లోకి తేకండి.

అన్నిట్లోకీ బాగా నిలబడ్డవి గాజు బుడ్డి లాంపులు. వీటి మూలం జపాన్ జాలర్లు వలలు తేలడానికి కట్టుకున్న గాజు గోళాలు, వాడేసిన సాకే (జపాన్ బియ్యం మద్యం) సీసాల గాజు కరిగించి ఊదేవాళ్ళు కాబట్టి చాలావాటికి ఆ పాచి ఆకుపచ్చ రంగు ఉంటుంది, వలల్నుంచి తెగిపోయినవి సముద్రం మీద తేలుకుంటూ అమెరికా పడమటి తీరానికి కొట్టుకొచ్చేవి. టికీ బార్లవాళ్ళు వాటిని ఏరుకొచ్చి వలలో వేలాడదీశారు. అసలువాటికి కన్నం పెట్టాలంటే నాకు మనసొప్పలా, పైగా ఖరీదు. పాత సామాన్ల షాపుల్లో బాత్రూం లైట్ల గ్లోబులు రెండు మూడు డాలర్లకి దొరుకుతాయి, పదంగుళాల గుండు, 3.25 అంగుళాల మూతి, ఆ సైజు మూతికి సరిపడే బిళ్ళ హార్డ్‌వేర్ షాపులో రెడీగా ఉంటుంది. లోపల తేనెరంగు గ్లాస్ పెయింట్ పోసి గుండుని చేతుల్లో తిప్పుతూ తిప్పుతూ ఆరనివ్వాలి, బ్రష్షు పెడితే గీతలన్నీ బల్బు వెయ్యగానే కనపడతాయి.

వల అల్లడం ఒక్కటే చేతిపని అని గర్వంగా చెప్పుకోగలిగేది. మా ఊరి తీరంలో పడవల పక్కన కూర్చుని వలలు బాగుచేసేవాళ్ళని చూస్తూ పెరిగా, చూడ్డం వేరు చెయ్యడం వేరు అని మొదటి వల అల్లాక అర్థమైంది, కళ్ళన్నీ ఒకటి చిన్నది ఒకటి పెద్దది, నా వల్లో పడితే చేప కూడా సిగ్గుపడుతుంది. గుండుకి పైనుంచి పన్నెండు పోగులు దింపి, ఒక్కో వరస కిందకొచ్చేకొద్దీ కన్ను పెంచుకుంటూ వచ్చి, నడుం దాటాక మళ్ళీ తగ్గించాలి, ఆ లెక్క నాలుగో లాంపుకి గానీ చేతికి రాలా. నార తాడు వాడితే కొన్నాళ్ళకి బొచ్చు లేచి దుమ్ము పట్టేస్తుంది, తెల్ల కాటన్ తాడు బెటరు. కాకపోతే తెలుపు కొట్టొచ్చినట్టు ఉంటుంది కాబట్టి చిక్కటి టీ డికాషన్లో రాత్రంతా నానేసా. కాటన్ మొదట లేత ఇటుక రంగులోకి వచ్చి ఆరాక సరిగ్గా పాత వల రంగుకి దిగింది, నాలుగేళ్ళయినా ఆ రంగు పోలేదు. అరకేజీ టీపొడి ఖర్చయింది, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

కిందపడి పగిలింది కూడా ఇందులో ఒకటే. తప్పు నాదే. గాజు, తాడు, గొలుసు అన్నీ కలిపి నాలుగు కేజీలుంది, దాన్ని సీలింగు దూలానికి కొట్టకుండా ఉత్త డ్రైవాల్‌లో (సీలింగుకి కొట్టే జిప్సమ్ అట్టలో) ప్లాస్టిక్ యాంకర్ వేసి వేలాడదీసా. ఎనిమిది నెలలు వేలాడి ఒకరోజు ఎవరూ లేనప్పుడు దిగిపోయింది, బల్ల మీద ఇప్పటికీ నెలవంకలా సొట్ట ఉంది. దూలాలు సాధారణంగా 16 అంగుళాలకొకటి ఉంటాయి, పావుగంట ఓపిక పట్టి వెతుక్కోండి, మనకి నచ్చిన చోట దూలం లేకపోతే లాంపే జరగాలి.

లోపల చాప సంగతి. టికీవాళ్ళు లౌహాలా చాప అని తెగ పొగుడుతారు, లౌ అంటే హవాయి భాషలో ఆకు, హలా అనేది ఆ ఆకు వచ్చే చెట్టు పేరు. ఆ చెట్టు బొమ్మ చూడగానే గుర్తుపట్టేసా, మన మొగలి జాతే. మా వైపు ఇసక దిబ్బల మీద కావాల్సినంత ఉంటుంది, ముళ్ళకి భయపడి దగ్గరికి పోయేవాళ్ళం కాదు, ఇక్కడ దాని చాప గజానికి ఎంత పెట్టి కొన్నానో అమ్మకి చెప్పలేదు. వెలుగు దాని అల్లికలోంచి వచ్చినప్పుడు మాత్రం గోడ మీద పడే గళ్ళ నీడకి పెట్టిన డబ్బు మర్చిపోతాం. రెండేళ్ళకి మధ్యలో కాస్త కుంగింది, వెనక పల్చటి రైస్ పేపర్ అతికించా, సర్దుకుంది. రెజిన్ పూయమని చాలామంది అంటారు, పూసా, బేస్‌మెంట్లో ఆ వాసనకి మూడు రోజులు అందరం పైనే ఉన్నాం, ఏడాదికి పసుపు తిరిగింది. పసుపు బానే ఉంది గానీ మళ్ళీ ఆ జోలికి పోను.

పఫర్ చేప లాంపు ఒక పేరాకి కూడా పనికిరాదు. బంతిలా ఊది ఎండబెట్టిన చేప కొని బల్బు పెట్టా, చలికాలం బాగుంది, జులైలో బేస్‌మెంట్ చెమ్మ పట్టగానే ఎండుచేపల సంత. చూడ్డానికి వచ్చిన అమ్మ "చేపని పులుసు పెట్టుకోవాలి గానీ దీపం పెట్టుకుంటారేంట్రా" అంది.

టికీ మొహం చెక్కిన లాంపు ఒక్కటీ చెయ్యలేదు. మావోరీల కథల్లో టికీ మొదటి మనిషి, ఆ దీవుల్లో అలా చెక్కే బొమ్మలు పూర్వీకులవీ దేవుళ్ళవీ. మన అమ్మవారి బొమ్మ కడుపులో బల్బు పెట్టి ఎవడో కాక్‌టెయిల్ అమ్ముతుంటే మనకెలా ఉంటుందో ఊహించుకున్నా, ఊరుకున్నా. మొహం కావాలనుకునేవాళ్ళతో గొడవ పెట్టుకోను, నా బార్లో వద్దు అంతే. దాని బదులు మధ్యలో నిమ్మలకుంట తోలు లాంప్‌షేడ్ ఒకటి వేలాడదీసా, హైదరాబాద్ వెళ్ళినప్పుడు కొన్నది, మేకతోలుని అద్దంలా పల్చన చేసి రంగులు వేస్తారు, తోలుబొమ్మలాట వాళ్ళ పనితనం. నిమ్మలకుంట ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది కూడా. టికీలో ఇదేంటని ఒకడు అడిగాడు గానీ గదిలోకి ఎవరొచ్చినా ముందు దాని కిందకే వెళ్ళి నిలబడతారు. వేడి తగిలితే అంచులు ముడుచుకుంటాయి కాబట్టి ఎల్‌ఈడీ తప్ప ఇంకేదీ పెట్టొద్దు.

బల్బు దగ్గరే నేను ఎక్కువ డబ్బులు తగలేసా, ఎక్కువ నేర్చుకుంది కూడా అక్కడే. మొదట 2700కె వేసా (కె అంటే కెల్విన్, ఆ అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపెక్కుతుంది), డబ్బా మీద వార్మ్ అని రాసుంటుంది, నమ్మొద్దు, టికీ గదిలో అది ఆస్పత్రి వరండా. 2200కె లేదా ఇంకా కిందకి దిగాలి, ఒక్కో లాంపుకి 150 నుంచి 250 ల్యూమెన్లు (వెలుగు కొలత) చాలు, మా ఏడు లాంపులూ కలిపి పాత ఒక్క బల్బంత కరెంటు కూడా తాగవు. పాతకాలం ఫిలమెంట్ బల్బే అందం అని నేనూ వాదించేవాణ్ణి, 2023 ఆగస్టు నుంచి ఇక్కడ తాగే కరెంటుకి తగినంత వెలుగు ఇవ్వని మామూలు బల్బులు అమ్మకూడదన్నారు, వాదన అక్కడితో ఆగిపోయింది, పైగా చాపకీ తాడుకీ ఆ వేడి మంచిది కాదు. రంగు బల్బులు పెట్టేవాళ్ళు నీలం తగ్గించండి, నీలం వెలుతుర్లో నిమ్మరసం వేసిన డ్రింకు సిమెంటు నీళ్ళలా ఉంటుంది. ఇక డిమ్మర్, అంటే వెలుగు తగ్గించే స్విచ్చి, ఇంట్లో ఉన్న పాత డిమ్మర్‌కి ఎల్‌ఈడీలు తగిలిస్తే తిరనాళ్ళ లైట్లలా మిణుకు మిణుకు, ఎల్‌ఈడీకని చేసిన డిమ్మర్ మార్చాక గానీ కుదుటపడలా.

వైరింగ్ గురించి ఒక్కటి చెప్తా, మిగతాది తెలిసినవాళ్ళ చేత చూపించుకోండి. ఇక్కడ లాంపు వైరుకి ఒకవైపు గీతలు తగులుతాయి, అది న్యూట్రల్, ప్లగ్గులో వెడల్పు రేకుకీ హోల్డర్లో వెండి రంగు మరకీ అదే వెళ్ళాలి. నేను మొదటి రెండిట్లో తిరగేసి కలిపా. లాంపు మామూలుగానే వెలుగుతుంది, అదే దీంతో తంటా, బల్బు మార్చేటప్పుడు మరల భాగానికి వేలు తగిలితే గానీ తెలీదు. ఒక ఫ్రెండ్ టెస్టర్ పెట్టి చూసి నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఆన్‌లైన్లో ఎవరో అమ్మిన చవక హోల్డర్లు పది కొంటే రెండు లోపల కరిగాయి, అప్పట్నుంచీ యూఎల్ ముద్ర (భద్రత పరీక్ష పాసైందని వేసేది) లేనిది ముట్టుకోను. ఇంకోటి, లాంపు చేసేముందే బల్బు ఎటునుంచి మారుస్తారో ఆలోచించుకోండి, నా మూడో లాంపు అడుగున తాడు అందంగా కట్టేసి మూసేసా, బల్బు పోయిన రోజు ఆ అందాన్ని కత్తెరతో కోయాల్సొచ్చింది.

అమ్మ పట్టుకెళ్ళింది కొబ్బరిచిప్పల లాంపు. మూడు చిప్పలు, చిల్లులు పెట్టి, పీచంతా గీకి నున్నగా రుద్ది చేసా. పాలిష్‌కి మొదట కొబ్బరినూనే పూసా, చిప్పకి దాని నూనే కదా అని, నాలుగు నెలలకి జిడ్డు కట్టి మక్కు వాసన, కడిగి మినరల్ ఆయిల్ రాసాక బాగుపడింది. 2023లో ఆరు నెలలు ఉండి వెళ్తూ బార్ మొత్తంలో ఆవిడకి నచ్చింది అదొక్కటే అంది. అక్కడ 230 వోల్టులు, పిన్ను బల్బులు, ఇక్కడి మర హోల్డరూ ప్లగ్గూ పనికిరావు కాబట్టి ఊళ్ళో ఎలక్ట్రీషియన్ చేత వైరు, హోల్డరు మొత్తం మార్పించా. ఇప్పుడు వరండాలో తులసికోట వైపు వేలాడుతోంది, ఒక చిప్పలో బల్లి కాపురం పెట్టింది. మొన్న ఫోన్లో అడిగితే లాంపు బానే ఉందంది గానీ ఆ వెలుగులో బియ్యంలో రాళ్ళు కనపడట్లేదని నేను పెట్టించిన 2200కె బల్బు తీసేసి తెల్లటిది పెట్టించిందట.