మందారకు పట్టిన పిండినల్లి మీద వేపనూనె: నాలుగు నెలలు వాడాక

మా బాల్కనీలో ఒక ఎర్ర ముద్దమందార ఉంది. పదకొండేళ్ల కిందట అమ్మ కొమ్మ కత్తిరించి ఇస్తే కుండీలో నాటుకున్నాను. నాలుగు నెలల కిందట దాని మొగ్గలు విచ్చకుండానే రాలిపోవడం మొదలైంది. దగ్గరికెళ్లి చూస్తే కణుపుల దగ్గరా, చిగురు మడతల్లోనూ దూది అంటించినట్టు తెల్లగా ఉంది. వేలితో నలిపితే జిగట, లోపల గులాబీ రంగు. పిండినల్లి. అది కార్చిన జిగురు కింది ఆకుల మీద పడి, ఆ జిగురు మీద మసి పూసినట్టు నల్లటి బూజు.

ఈ వేపనూనె అప్పుడు కొన్నదే. వేడి చేయకుండా గింజల నుంచి పిండి తీసినది, 100 మిల్లీలీటర్ల సీసా. నూనె మంచిదే, మొక్క బతికి మళ్లీ పూస్తోంది. కానీ సీసా మీద రాసిన పద్ధతి నమ్ముకుని ఉంటే ఆ మందార నాకు దక్కేది కాదు.

లేబుల్ మీద ఉన్నది ఒక్కటే మాట: లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్లు కలిపి పిచికారీ చేయండి. సబ్బు ఊసే లేదు. నూనె నీళ్లలో దానంతటదే ఎలా కలుస్తుంది? నేను అలాగే పోసి, గట్టిగా ఊపి కొట్టాను. రెండు నిమిషాల్లో నూనంతా పైకి తేలింది. స్ప్రేయర్ గొట్టం అడుగు నుంచి పీలుస్తుంది కాబట్టి ముందు వట్టి నీళ్లు పడ్డాయి, స్ప్రేయర్ ఖాళీ అయ్యే వేళకి చిక్కటి నూనె పడింది. అది పడిన చిగుళ్లు మర్నాటి ఎండకి మాడి గోధుమరంగుకు తిరిగాయి. పురుగులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ మాడిన చిగుళ్లు తుంచుతుంటే నాకు ఏడుపొచ్చింది.

రెండోసారి నుంచి ఇలా చేస్తున్నాను. ఒక గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా ద్రవ సబ్బు, బ్లీచ్ లేనిది, ముందుగా కలుపుతాను. అందులో నూనెను సన్నటి ధారగా పోస్తూ ఆపకుండా కలుపుతాను. నీళ్లు పలచటి పాలలా తెల్లబడితే కలిసినట్టే. పైన కళ్లు కళ్లుగా చుక్కలు తేలుతున్నాయంటే ఇంకా కలవలేదు. అప్పుడు మిగతా నీళ్లు పోసి లీటరు చేసి, అదే సాయంత్రం మొత్తం వాడేస్తాను. నీళ్లలో కలిపాక దాని గుణం నిలవదు, రేపటికి దాచుకోవడం దండగ. కొన్ని సీసాల్లో నూనెను నీళ్లలో కలిపే పదార్థం ముందే వేసి ఉంటుంది. గ్లాసు నీళ్లలో ఒక చుక్క వేసి చూస్తే తెలిసిపోతుంది.

కొట్టేది ఎండ తగ్గాకే. ఎండలో కొడితే ఆకు మాడుతుంది, పైగా వేపలో పనిచేసే అజాడిరాక్టిన్ వెలుతురికి తొందరగా చెడిపోతుంది. సాయంత్రానికి తేనెటీగలు కూడా వెళ్లిపోయి ఉంటాయి. అయినా నేను పువ్వుల మీద పడకుండా చూసుకుంటాను. ఆకుల అడుగు భాగం తడవాలి. పైపైన కొట్టి వదిలేస్తే కొట్టనట్టే.

కొట్టిన మర్నాడే పురుగులు రాలిపడతాయని చూస్తే నిరాశే. ఇది వెంటనే చంపే మందు కాదు. అజాడిరాక్టిన్ తగిలిన పురుగు తిండి మానేస్తుంది, పిల్ల పురుగు కుబుసం విడవలేక ఎదగకుండా పోతుంది. ముదురు పురుగుకి ఒంటి మీద మైనపు పొడి, గుడ్లకి దూది సంచి కాపలా. అందుకే నేను ముందు స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో కనబడిన ప్రతి తెల్ల ముద్దనీ తుడిచి, తర్వాత నూనె కొట్టాను. ఒక్కో సంచిలో వందల గుడ్లుంటాయి, అవి రోజుల తేడాతో పొదుగుతాయి. వారానికోసారి చొప్పున నాలుగు వారాలు కొట్టాను. మూడో వారం మొగ్గలు రాలడం ఆగింది.

ఆ మూడు వారాల్లో నేను ఆలస్యంగా గమనించినది చీమల్ని. కుండీ అంచు మీదుగా బారుగా కాండం ఎక్కుతున్నాయి. పిండినల్లి కార్చే తీపి జిగురు కోసం అవి దాన్ని పశువుల్లా కాస్తాయి, శత్రు పురుగుల్ని దగ్గరికి రానివ్వవు. గోడకి తగులుతున్న కొమ్మలు కత్తిరించి, కుండీని నీళ్లు పోసిన పళ్లెంలో ఇటుక ముక్కల మీద నిలబెట్టాను. చీమల దారి తెగాకే నూనె శ్రమ ఫలించింది. ఈ మాట మాత్రం లేబుల్ మీద తప్పకుండా ఉండాల్సింది.

మిగతా మొక్కల సంగతి: గులాబీ మీద పేనుబంక రెండు సార్లకే పోయింది. కరివేపాకు కాండం మీది పొలుసు పురుగు మీద పెద్దగా పనిచేయలేదు, పాత టూత్‌బ్రష్‌తో గీకాల్సి వచ్చింది. ఫెర్న్ లేత ఆకుల చివర్లు ఎండాయి. కాబట్టి కొత్త మొక్కకి ముందు ఒక్క ఆకు మీద కొట్టి, రెండు రోజులు ఆగి చూడండి. వాసన ఘాటుగా ఉంటుంది, మర్నాటి దాకా పోదు. చలికి నూనె సీసాలోనే నెయ్యిలా గడ్డ కడుతుంది. వేడి నీళ్ల గిన్నెలో సీసా పెడితే కరుగుతుంది, నేరుగా పొయ్యి మీద పెట్టకండి.

ఒక సీసాకి 20 లీటర్ల మందు వస్తుంది. నాలుగు నెలల్లో నాకు సగం కూడా అయిపోలేదు. నూనెకి ఐదుకి నాలుగు ఇస్తాను. లేబుల్‌కి ఒకటి.

పోయిన వారం మందార కొమ్మ మీద మళ్లీ ఒక తెల్ల ముద్ద కనిపిస్తే స్ప్రేయర్ పట్టుకుని వెళ్లాను. తీరా చూస్తే అది చకచకా నడుస్తోంది, ఒంటి నిండా పొడుగాటి మైనపు పోగులు. పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్ల. చూడ్డానికి అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది, కాకపోతే దానికన్నా పెద్దది. స్ప్రేయర్ లోపల పెట్టేశాను. ఈ వారం కొట్టలేదు.